ముందు సీసా, తరువాతే పని

మేస్త్రి పోయాడని కబురు తెచ్చిన పాలవాణ్ణి మా మావయ్య మొదట అడిగిన మాట: "నువ్వు చూశావా?"

చూడలేదన్నాడు పాలవాడు. మా దీవిలో ఎగువన ఉన్న నువెల్ ఫ్రాన్స్ ఊరి నుంచి దిగిన చెరకుబండి మనిషి చెప్పాడట. ఆ మనిషైనా చూశాడా అంటే అదీ తెలియదు.

"అయితే ఆగు," అన్నాడు మావయ్య. "ఆ మనిషి సంగతిలో నేను తొందరపడను."

మేస్త్రి వింటే ముచ్చటపడేవాడు. ఆయనా చావును మొదటి కబురుకే నమ్మే మనిషి కాడు. ఇంజను చచ్చిపోయిందని ఎవరైనా పరుగెత్తుకొస్తే, "శవం ఏది, చూపించు," అనేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు శవం తన చక్రాల మీద తనే ఇంటికి వెళ్ళేది.

ఈసారి కబురు నిజమే. వానలో నానిన జలుబు ఛాతీకి దిగి, మంగళవారం పొద్దున పోయాడు. సాయంత్రానికి మందిరంవాళ్ళు మట్టి చేసేశారు. ఇక మిగిలింది దీపం. మా భజన మందిరంలో ఒక పద్ధతి ఉంది. మనవాళ్ళలో ఎవరు పోయినా ఆ శనివారం భజన వాళ్ళ పేరు మీద జరుగుతుంది. పంతులుగారు పేరు చెప్పి, దీపం పెట్టి, హారతి ఇస్తారు. పెళ్ళాం, పిల్లలు, అన్నదమ్ములు ఉన్నవాళ్ళకు ఆ పైన ఇంకా చాలా జరుగుతాయి. మేస్త్రికి ఎవరూ లేరు. ఆ ఒక్క దీపమే ఆయనకు జరగవలసినదంతా.

"దొంగకు దీపమేటి?" అన్నాడు మావయ్య, చావు ఖాయమని తేలాక. "తన నోటితో తనే ఒప్పుకున్న దొంగ. పంతులుగారూ అక్కడే ఉన్నారు. ఆయన్నే అడగండి."

మావయ్య మందిరం పెద్దల్లో ఒకడు. ఆయన కాదంటే దీపం వెలగదు. నేను ఆ పక్కనే నిలబడి కారు అద్దం తుడుస్తున్నాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది. అయినా తుడుస్తూనే ఉన్నాను.

మేస్త్రి పేరు నేను ఇక్కడ రాయడంలేదు. మర్యాద కోసం కాదు, నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. కొత్తలో ఒకసారి అడిగాను. ఒక కన్ను మూసి నన్ను ఎగాదిగా చూశాడు.

"పేరెందుకు? పోలీసులు పంపారా?"

"పిలవడానికి, మేస్త్రీ."

"ఇప్పుడు పిలిచావుగా."

ఆ కన్ను మూయడం ఆయన అలవాటు. నమ్మనప్పుడు ఎడమ కన్ను మూసేవాడు. ఆయన కుడి కన్ను ఒక్కటే వాడి బతికాడంటే పెద్ద అబద్ధం కాదు. ఏది ముట్టుకున్నా ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు. నూనె, నీళ్ళు, నోట్లు, ఒకసారి మా మావయ్యతో కరచాలనం కూడా. ఎవరింట్లో టీ ఇచ్చినా ముందు వాసన, తరువాత ఇచ్చినవాడు తాగేదాకా నిరీక్షణ, ఆ తరువాత గుక్క. అంతలో టీ చల్లారిపోయేది. జీవితంలో వేడి టీ తాగి ఉండడని నా అనుమానం.

నువెల్ ఫ్రాన్స్ ఎక్కుడు పైన, ఎప్పుడూ సన్నగా వాన కురిసే చోట, మందిరం స్థలంలో ఒక రేకుల షెడ్డు ఆయనది. స్థలం మందిరానిది, రేకులు ఆయనవి. పెద్దలు పొమ్మంటే రేకులు ఊడబెరుక్కుని పోవాలి. షెడ్డు లోపలి గోడ నిండా మేకులు. మేకుకొక పాడైన సామాను వేలాడేది. అవి ఆయన సాక్ష్యాలు. ఆయనకు చదువు రాదు గనక వాటి కింద ఏమీ రాసి ఉండదు, అంతా నోటికే వచ్చు. కొత్తగా ఎవరైనా వస్తే గోడ వెంట నడిపిస్తూ వినిపించేవాడు.

"ఇది, 'నూనె నిన్ననే పోశాను' అన్నాయన బేరింగు. నల్లగా ఎలా కాలిందో చూడు. ఇది, 'బెల్టు కొత్తదే' అన్న కొట్టాయనది. అసలది బెల్టే కాదు, కలబంద నారతో పేనిన తాడు. ఇది, రేడియేటరు కారుతోందని పెళ్ళాం గంజి పోసిన మిస్యే దొరది. గంజితో కారడం ఆగింది, నిజమే. ఇంజనూ ఆగింది."

"మా కారుది ఏదీ లేదేం?" అని అడిగేవాణ్ణి.

"మీరింకా దొరకలేదు," అనేవాడు.

బాగుచేసే పద్ధతి కూడా పోలీసు పద్ధతే. బండి ఆగితే అందులో ఉన్నవాళ్ళందరినీ దింపి, ఒక్కొక్కరినీ షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి విడివిడిగా అడిగేవాడు. ముందు చప్పుడు వచ్చిందా, ముందు వాసన వచ్చిందా? ఒక్కసారే ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా? ఆ తరువాత ఇంజను మీద చెక్క పుల్ల ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, దాని వాంగ్మూలం వినేవాడు. "బండి ఒక్క మాటే చెబుతుంది. ఎక్కినవాళ్ళే మూడు రకాలు చెబుతారు," అనేవాడు.

కాని అన్నిటికంటే ముందు సీసా. అదే ఆయన కూలి. వచ్చిన బండి ట్యాంకులోంచి ఒక చిన్న సీసాడు పెట్రోలు రబ్బరు గొట్టంతో తీసుకునేవాడు, సామాను కడుక్కోవడానికి. పని అయ్యాక ఇస్తామంటే వినేవాడు కాదు.

"ముందు సీసా, తరువాతే పని. బండి కదిలాక మనిషి మనసు కూడా కదులుతుంది."

ఇక మా కారు. ఎస్టేటులో లెక్కలు రాసే ఒకాయన వాడి వాడి వదిలేసినదాన్ని ఇంకొకాయన కొని, ఆయనా విసిగిపోయాక మా మావయ్య కొన్నాడు. ఒళ్ళంతా రేకు. మా ఊరు షెమాన్ గ్రెనియేలో జనం దాన్ని 'బ్వాత్' అనేవారు, అంటే డబ్బా. మావయ్య దాన్ని కిరాయికి తిప్పేవాడు, నడిపే సోఫేరును నేను. నేను నడిపేవాణ్ణే తప్ప పెట్రోలు ట్యాంకు మూత విప్పే హక్కు నాకు లేదు. నేను పెట్రోలు అమ్ముకుంటానని మావయ్య అనుమానం. గురువారం సాయంత్రం ఆయనే స్వయంగా నిండా పోసి, మూత బిగించి, బిగించిన చోట గోటితో గీత పెట్టేవాడు. ఆ అనుమానం నన్ను బాధించిందని రాస్తే బాగుంటుంది గాని, ఒక నెల నేను నిజంగానే అమ్ముకున్నాను.

మా అత్త సంగతి కూడా చెప్పాలి. ఆమెకు పెళ్ళై పదకొండేళ్ళు, పిల్లలు లేరు. ఊళ్ళో పెళ్ళి వస్తే పసుపు దంచడానికి ఆమెను పిలవరు. ఎవరూ రావద్దని అనరు. కబురు చెప్పడం మరిచిపోతారు. ఎప్పుడూ ఆమెకే మరిచిపోతారు. కారు వచ్చిన తరువాతి దసరాకు అందరూ కత్తులకు, పారలకు బొట్లు పెడుతుంటే ఆమె కారుకు పెట్టింది. కారు వద్దనలేదు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తెల్లవారుజామున తలస్నానం చేసి, పసుపు గిన్నెతో కారు దగ్గరికి వచ్చేది.

కారుకు నుదురెక్కడ అన్నది కొన్నాళ్ళు మా ఇంట్లో పెద్ద చర్చ. మొదట రేడియేటరు మూత మీద పెట్టింది. రెండు మైళ్ళు పోగానే ఆవిరి కక్కి బొట్టంతా కడిగేసుకుంది. అది మంచి శకునం కాదని, అద్దానికి ముందున్న ఇత్తడి మూతను ఎంచుకుంది. గుండ్రంగా, పచ్చగా, ముఖంలా ఉంటుంది. దాన్ని చింతపండుతో తోమి, మూడు వేళ్ళతో మందంగా పసుపు మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి దండం పెట్టుకునేది. ఆ ఇత్తడి మూత ట్యాంకుదని ఆమెకు తెలుసు. "అందులోంచేగా అది తిండి తినేది," అనేది.

ఆ దసరా తరువాతే కారు ఆగడం మొదలుపెట్టింది.

ఎక్కడంటే అక్కడ కాదు. షెమాన్ గ్రెనియే నుంచి క్యూర్‌పిప్ రైలుకు జనాన్ని ఎక్కించుకుని బయలుదేరితే, కింద చక్కగా పోయేది. ఎక్కుడులో కాస్త నసిగేది. సరిగ్గా మేస్త్రి షెడ్డు కనబడేసరికి దగ్గి, దగ్గి, నిలబడిపోయేది. మేస్త్రి వచ్చి, ముందు సీసా అని మూత విప్పి పెట్రోలు తీసుకుని, మూత పెట్టి, తరువాత ప్లగ్గులు తీసి చూసి, గొట్టం ఊది, వాసన చూసి, "ఏమీ లేదే," అనేవాడు. హ్యాండిలు తిప్పితే మొదటి తిప్పుకే ఇంజను మోగేది. ఆ వారమంతా మళ్ళీ ఆగేది కాదు. వచ్చే శుక్రవారం మళ్ళీ అక్కడే.

"కి అరివే?" అని అడిగేవారు వెనక కూర్చున్నవాళ్ళు, ఏమైందని.

"ఏం లేదు," అన్నాను ఒకరోజు. "ఈ కారుకు కావలసింది పెట్రోలు కాదు, మేస్త్రి దర్శనం."

హాస్యానికి అన్నాను. అది క్యూర్‌పిప్ బజారుకు హాస్యంగానే వెళ్ళింది. అక్కడి నుంచి సాంత్ర్ ద ఫ్లాక్ ఊరి దాకా తిరిగి, మూడు వారాలకు మా ఇంటికి వేరే వేషంలో వచ్చింది. నువెల్ ఫ్రాన్స్‌లో ఒక మేస్త్రి ఉన్నాడట, రోడ్డు మీద ఏదో పాతిపెట్టాడట, పోయే బండి ఆయన గుమ్మం దాటదట. ఈ కబురు మాకు చెప్పినావిడ నా వైపు జాలిగా చూసి, "నువ్వు జాగ్రత్త బాబూ," అంది. ఆ కబురు నేను కన్న బిడ్డే, అయినా నన్ను గుర్తు పట్టలేదు.

మావయ్య రెండు రెళ్ళు కలిపి నాలుగు చేశాడు. "ఎక్కడ ఆగుతోంది? వాడి గుమ్మంలో. ఎవరికి లాభం? వాడికి. వారానికో సీసా! ఎవడు ముట్టుకుంటే కదులుతోంది? వాడే. ఇంకేటి కావాలి?"

"శుక్రవారమే ఎందుకు ఆగుతోంది మావయ్యా?"

"శుక్రవారం జనం ఎక్కువ. వాడికి తెలీదనుకున్నావా?"

అటు మేస్త్రికీ అనుమానం మొదలైంది, మా మీద. బాగున్న బండిని తెచ్చి తన గుమ్మంలో ఆపి, ఏమీ కనుక్కోలేకపోయాడని నవ్వుకుంటున్నామని. సీసా నింపుకుంటూ నన్ను కుడి కంటితో చూసేవాడు. "ఎవరు ఆపమన్నారు సోఫేరూ, నిన్ను? క్యూర్‌పిప్ గరాజువాళ్ళా?" ఈ విధంగా ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు దొంగ అనుకుంటూ, మధ్యలో ఇద్దరూ నన్నూ దొంగే అనుకుంటూ, ఆరు నెలలు గడిచాయి.

చివరికి మావయ్య మందిరంలో లేచి నిలబడ్డాడు. దేవుడి స్థలంలో దొంగ పనేటని అడిగాడు. మందిరం పెద్ద పంతులుగారే. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేదీ, భజన నడిపేదీ ఆయనే. ఆయన మేస్త్రిని పిలిపించి, షెడ్డు తీసేయమనే ముందు చెప్పుకునేది ఉంటే చెప్పుకోమన్నారు.

మేస్త్రి ఎడమ కన్ను మూశాడు. "వచ్చే శుక్రవారం వాళ్ళింటికి వస్తాను. తెల్లారకముందే. బండి కదిలేదాకా కూర్చుని చూస్తాను. మీరూ బండెక్కండి పంతులుగారూ. దారిలో నేను ఏం పాతానో చూద్దురు గాని."

వచ్చాడు. కోడి కూయకముందే మా వాకిట్లో గోనెపట్టా పరుచుకుని కారుకు ఎదురుగా కూర్చున్నాడు. నేను లేచాను, చూశాడు. మావయ్య పళ్ళు తోముకున్నాడు, అదీ చూశాడు. పంతులుగారు వచ్చారు. అత్త టీ తెచ్చి పెట్టింది. గ్లాసు పక్కన పెట్టుకుని, మాలో ఎవరు ముందు తాగుతారా అని చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు అత్త పసుపు గిన్నెతో వచ్చింది. మూత తోమింది. మూడు వేళ్ళతో పసుపు తీసి, అంచుల దాకా మెత్తి, అద్దింది. కుంకుమ పెట్టింది. కర్పూరం వెలిగించి కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు చాలాసేపు కదిలాయి. కారు గురించి దేవుడికి చెప్పుకునేది అంత ఉండదు.

మేస్త్రి ఎడమ కన్ను తెరుచుకోవడం అప్పుడు చూశాను. ఆయన ఒక మనిషిని రెండు కళ్ళతో చూడడం నేను అంతకుముందు ఎరగను.

"ప్రతి శుక్రవారం పెడతారా, అమ్మా?"

"అవును బాబూ, ప్రతి శుక్రవారం. దసరా నుంచి."

"ఇంతే మందంగా?"

"తక్కువ చెయ్యనయ్యా," అంది అత్త. "ఇంకెక్కడా నా చేత పెట్టించుకోరు."

 మేస్త్రి పక్కనున్న గ్లాసు ఎత్తి, వాసన చూడకుండా, ఎవరూ తాగకముందే, ఒక్క గుక్కలో తాగేశాడు.

బయలుదేరాం. పంతులుగారూ మావయ్యా వెనక, మేస్త్రి నా పక్కన.  ఎక్కుడు మొదలైంది, కారు నసిగింది. షెడ్డు కనబడింది. దగ్గు మొదలైంది. ఆగింది.

"చూశారా!" అన్నాడు మావయ్య. కారు ఆగినందుకు అంత ఆనందపడిన యజమాని ఇంకొకడు ఉండడు.

మేస్త్రి దిగాడు. ఈసారి సీసా తీయలేదు. మూత మీద అరచెయ్యి పెట్టి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిప్పాడు. ట్యాంకు పొడుగ్గా ఒక ఊపిరి పీల్చుకుంది. నీళ్ళలోంచి తేలినవాడు పీల్చినట్టు. నేను హ్యాండిలు పట్టుకుని దగ్గరే ఉన్నాను గనక నాకు వినబడింది. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. మూత నడుమ సూదిమొనంత కన్నం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ కన్నంలోంచి గాలి లోపలికి పోవాలి. పసుపు దాన్ని మూసేసింది, అంచుల్నీ మూసేసింది. గాలి లేక పెట్రోలు దిగక, ఇక్కడికి వచ్చేసరికి ఇంజను నోరెండిపోతోంది. ఒకసారి విప్పితే అంచున ఎండిన పసుపు పగిలి, ఆ పగుళ్ళలోంచి గాలి ఆడి, వారం నడుస్తోంది. పాపం మేస్త్రి, ఆరు నెలలపాటు ఎవరినీ నమ్మక కూలి ముందే తీసుకున్నాడు. కూలి తీసుకోవడంలోనే జబ్బు నయం చేసేసి, ఆ తరువాత జబ్బు కోసం వెతికాడు.

ఒక్క మాట చెబితే చాలు. షెడ్డు ఆయనది, నవ్వు ఆయనది, గోడ మీద మేకు కూడా సిద్ధం.

మేస్త్రి మూతను గుడ్డలో చుట్టేశాడు. వేలికంటిన పసుపును ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పంతులుగారూ," అన్నాడు. "తప్పు నాదే. మూతకు గాలి కన్నం ఉంటుంది. పోయినేడు గ్రీజు పూసి నేనే మూసేశాను."

"కావాలనే పూశావా?" అని మావయ్య.

మేస్త్రి ఆయన వైపు చూసి ఒక కన్ను మూశాడు. "నువ్వెలా అనుకుంటే అలాగే, మిస్యే."

షెడ్డులోంచి ఇంకో మూత తెచ్చాడు. దానికి కన్నం పైన కాకుండా, అంచు కింద, పక్కన పొడిచాడు. వేలు పోని చోట. బిగించి, "ఇక ఆగదు. ఆగితే షెడ్డు మీరే పీకేయండి," అన్నాడు.

తప్పు ఒప్పుకున్నవాణ్ణి వెళ్ళగొట్టకూడదన్నారు పంతులుగారు. షెడ్డు మిగిలింది. కారు మళ్ళీ ఆగలేదు, అదే మావయ్యకు తిరుగులేని రుజువు అయింది. "ఒప్పుకున్నాక ఒక్కరోజైనా ఆగిందా?" అనేవాడు. పని తెలిసిన దొంగ అని మేస్త్రికి చుట్టుపక్కల స్థిరమైన పేరు వచ్చింది. పేరు లేనివాడికి అదొక్కటే పేరు.

తరువాతి వారం ఒంటరిగా వెళ్ళి అడిగాను. "ఎందుకలా చెప్పావు?"

"నువ్వేం చూశావు?"

"పసుపు."

"చూడలేదు," అన్నాడు. ప్లగ్గు మీద మసి గీకాడు. "ఆ అమ్మ మీద ఊళ్ళో ఇప్పటికే ఒక మాట ఉంది. ఆమె పెట్టిన బొట్టుకు బండి ఆగిందని రెండోది ఎందుకు? నా మీద నలభై ఉన్నాయి. నలభై ఒకటి."

"ఆ నలభైలో ఒకటి నాది, మేస్త్రీ. దర్శనం సంగతి."

"తెలుసు," అన్నాడు. "అది బాగుంది." తరువాత రబ్బరు గొట్టం తీసి మా ట్యాంకు వైపు నడిచాడు. ఆ రోజు బాగుచేయడానికి ఏమీ లేదు. అయినా తీసుకున్నాడు.

మూడేళ్ళు నేను నోరు మూసుకున్నాను. ఆయన మూసుకోమన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. మాట్లాడితే నా హాస్యం సంగతి కూడా బయటపడుతుందని చెప్పుకోలేదు.

ఈ శుక్రవారం షెడ్డు ఖాళీ చేయమని పంతులుగారు నన్ను పంపారు. గోడ మీద సాక్ష్యాలన్నీ అలాగే ఉన్నాయి. బేరింగు, నార తాడు, గంజి రేడియేటరు. చివరి మేకుకు ఒకటి మాత్రం వెనక్కి తిప్పి, ముఖం గోడకు పెట్టి వేలాడుతోంది. తిప్పి చూశాను. మా ఇత్తడి మూత. పసుపు ఎండి, పగిలి, ఇంకా అంటుకునే ఉంది. మూడు వేళ్ళ గుర్తులు చక్కగా కనబడుతున్నాయి. సాక్ష్యం లేకుండా ఆ మనిషి ఉండలేడు, చూపించనూ లేడు. మావయ్య ఈ మూడేళ్ళలో ఆ గోడకు ఎదురుగా ఎన్నిసార్లు నిలబడి దొంగల గురించి ఉపన్యాసం ఇచ్చాడో!

కాగితంలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎక్కడైనా పారేద్దామనే అనుకున్నాను. అత్త గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటది? రమ్ము సీసాయా?"

"కాదత్తా."

"చూపించు."

చూపించాను. ఆమె విప్పి, దాన్ని చాలాసేపు చూసింది. తన మూడు వేళ్ళు తెచ్చి ఆ మూడు గుర్తుల్లో పెట్టింది. సరిగ్గా పట్టాయి. గోటితో ఎండిన పసుపు కొంచెం గీకింది. దాని కింద కన్నం.

"ఆ రోజు గ్రీజు అన్నాడు మీ మేస్త్రి," అంది.

 నాకు హాస్యం ఒక్కటైనా తడితే బాగుండుననిపించింది. తట్టలేదు.

నిన్న శనివారం. మందిరం నిండింది. మావయ్య లేచి, దొంగ పేరు మీద భజన జరిగితే తాను బయటికి పోతానన్నాడు. పంతులుగారు తల వంచుకుని ఆలోచిస్తున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి అత్త వచ్చింది. ఆమె చేతిలో హారతి పళ్ళెం. పళ్ళెంలో దీపం లేదు, ఇత్తడి మూత ఉంది. పంతులుగారి ముందు పెట్టింది.

"అది గ్రీజు కాదు పంతులుగారూ. పసుపు. ఆ చెయ్యి నాది. కారు ఆపింది నేను. ఆయన ఆ మాట నా మీదికి రానివ్వలేదు."

 వెనక ఒక ముసలమ్మ పక్కావిడతో, వినబడేటట్టే, "అనుకున్నా. ఆవిడ చెయ్యే," అంది. మేస్త్రి మూడేళ్ళు తన మీద వేసుకుని మోసిన మాట అది. రావడానికి అర నిమిషం పట్టలేదు.

అత్త ఆమె వైపు తిరిగింది. "అవును పిన్నీ, నా చెయ్యే. అక్కడ పెట్టకూడదని తెలీక పెట్టాను. ఇంకేటి?"

పిన్ని కొంగు సర్దుకుంది.

మావయ్య ముఖం చూడవలసిందే. ట్యాంకు మూత విప్పినప్పటి చప్పుడు ఆయన ముక్కులోంచి వచ్చింది. "గోటితో గీత నేనే పెట్టాను గదా," అన్నాడు ఎవరితోనో. "ఎలా తెలుస్తుంది?" తప్పు ఒప్పుకోవడానికి ఆయన అంతకంటే దగ్గరికి రావడం నేను ఎరగను. కూర్చున్నాడు. బయటికి పోలేదు.

దీపం పెట్టారు. పంతులుగారు చేతులు జోడించి, ఎవరి పేరు మీద అని చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయారు. మమ్మల్ని చూశారు. మేం ఒకరినొకరు చూసుకున్నాం. చివరికి "మేస్త్రి" అని చెప్పి భజన ఎత్తుకున్నారు. పోలీసులకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు.

భజన అయ్యాక నువెల్ ఫ్రాన్స్ దాకా కారు తీస్తున్నాను, షెడ్డు గోడ మీద మిగిలిన సామాను దించాలి. అత్త మందిరంలోంచి కుంకుమ వేలికి అద్దుకుని తెచ్చింది. కారు దగ్గరికి వచ్చి ఒక్క క్షణం దాని ట్యాంకు మూత వైపు చూసి, నా వైపు తిరిగి నా నుదుటికి పెట్టింది.

"కారుకు వద్దా, అత్తా?"

"నీకే," అంది. "నీ బుర్రలోకి గాలి పోకపోయినా బండి నడుస్తుంది."